నంద్యాలలో మూడు తలంట్లు, ఆళ్లగడ్డలో ఒక మాట

ఈ కింద రాసిన ప్రతి మాటా నిజం. పటాలు కట్టి బతికేవాణ్ణి గనక, మా కొట్టు గోడకు వేలాడే ముప్పయి మంది దేవుళ్ళ మీదా, వాళ్ళ పక్కనే తీసుకుపోవడం మరిచిపోయిన పెళ్ళి ఫోటోల మీదా కలిపి ఒట్టు. నన్నెరిగిన వాళ్ళు ఈ ముక్క దగ్గరే నవ్వుతారని తెలుసు. కోటయ్య ఒట్టు వేశాడంటే మన ఊళ్ళో రేడియోలో వాన కబురు చెప్పినట్టే లెక్క. నవ్వండి, కానీ పేజీ తిప్పకండి.

మన గ్రంథాలయం వాళ్ళు ఉగాది సంచికకు ఏదైనా యాత్ర రాయమన్నారు. కాశీ, రామేశ్వరం వెళ్ళినవాళ్ళు అవి రాస్తారు. నేను వెళ్ళింది నంద్యాల, ఆళ్లగడ్డ. మొక్కు లేదు, బేరం లేదు. ఓబులేసును చూసి, తప్పయింది అని చెప్పడానికి వెళ్ళాను.

ఓబులేసు మీలో పెద్దవాళ్ళకు గుర్తుండాలి. డెబ్భై రెండులో మన ఆంజనేయస్వామి గుడి పనికి ఆళ్లగడ్డ నుంచి వచ్చిన శిల్పి. రెండేళ్ళు మా ఇంటి వెనక గదిలో ఉన్నాడు. నేను చెప్పిన ఒక్క అబద్ధం కూడా నమ్మని మనిషి, అన్నిటినీ చివరిదాకా విన్న మనిషి, నా ఎరుకలో అతనొక్కడే. కాలవలో నేను పడవంత వాలుగ చేపను పట్టానంటే, "ముక్కలు ఎన్ని బండ్లయినాయన్నా" అని మొహం కదలకుండా అడిగేవాడు.

అయిదడుగుల స్వామి విగ్రహం పూర్తయ్యే వానాకాలంలో ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర నలుగురూ చేరితే, ఆ రాతిలో కప్ప ఉందనీ, స్వామి పొట్టకు చెవి ఆనిస్తే బెకబెకమంటోందనీ నేనొక కథ చెప్పాను. రాయి లోపల బోలుగా ఉంటే, అందులో కప్ప ఉంటుందనీ, అలాంటి రాయి విగ్రహానికి పనికిరాదనీ శిల్పులు అంటారు. ఆ సంగతి నాకు చెప్పింది ఓబులేసే. నలుగురూ నవ్వారు. మూడో రోజుకు నలభై మంది ఆ కప్పను విన్నారు. గుడి కమిటీవాళ్ళు పందిరి వేసి, పంచాయితీ పెట్టి, విగ్రహం పనికిరాదని తేల్చేశారు. ఓబులేసు మర్నాటి రైలుకు వెళ్ళిపోయాడు. ఆ పంచాయితీ రోజున నేను ఊళ్ళో లేను. గాజు పలకలు కొనడానికి గుంటూరు వెళ్ళాను.

పదకొండేళ్ళయింది. మా ఆవిడ పోయి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో తెలిసిందేమిటంటే, టీ కొట్టులో పదిమందిని నవ్వించవచ్చు గానీ గ్లాసులు ఖాళీ అయ్యాక ఆ పదిమందిలో ఒక్కడు కూడా మన ఇంటి దాకా నడిచిరాడు. అందుకని బయలుదేరాను.

రైలు

గుంటూరులో చిన్న రైలెక్కితే గిద్దలూరు దాటాక నల్లమల మొదలవుతుంది. సొరంగంలోకి వెళ్ళేటప్పుడు పెట్టెలో అందరూ మాటలు ఆపేస్తారు. ఆ చీకట్లో ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. వెలుతురు వచ్చాక చూస్తే అది చెయ్యి కాదు, కిటికీలోంచి లోపలికొచ్చిన కొండముచ్చు తోక. మర్యాదగా గిద్దలూరులో కొన్న టిక్కెట్టుతోనే ప్రయాణం చేస్తోంది. ఎదురు బెంచీ మీద ఉన్నాయన ఈ మాట విని, "మీదే ఊరండీ" అని అడిగి, కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. మా వైపు అయితే కనీసం తోక పొడవెంత అని అడిగేవాళ్ళు.

కొండలు దిగాక నేల నల్లగా మారిపోతుంది. ప్రత్తి, జొన్న, మధ్యలో కాలవ కింద వరి. మా డెల్టాలో ఎటు చూసినా మనిషి కనిపిస్తాడు. ఇక్కడ మనిషి కోసం వెతుక్కోవాలి.

ఊరి నడుమ లాడ్జి

నంద్యాలలో దిగి, రిక్షావాడితో మంచి చోటికి తీసుకుపొమ్మన్నాను. ఊరి నడుమ, బట్టల అంగళ్ళ వరసలో, కొత్తగా కట్టిన మూడంతస్తుల లాడ్జి ముందు దించాడు. పేరు రాయను. రాస్తే నాకు వాళ్ళు కమీషన్ ఇచ్చారంటారు.

అలాంటి సుఖం నేను పెళ్ళిలో కూడా ఎరగను. మొజాయిక్ నేల మీద అడుగు వేస్తే నా మొహం నాకే కనిపించింది. గదికి స్పాంజి పరుపు, పిలుపు గంట, గోడంత అద్దం. ఒక టెలిఫోను కూడా ఉంది, కానీ అది కింద మేనేజరు బల్ల దాకానే పలుకుతుంది. అద్దె పద్దెనిమిది రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకు ఒక పెళ్ళి బృందానికి చాపలు దొరుకుతాయి.

మేనేజరు సుబ్బరాయుడు రిజిస్టరు తెరిచి, "ఎంతమంది సార్?" అన్నాడు.

"ఒక్కణ్ణే."

"ఎనక ఎవురన్నా వస్తాండారా?"

"లేదు."

"ఏం పని మీద?"

నిజం రాసే గడి కాదది. "సినిమా తీయడానికి చోట్లు చూస్తున్నాం" అన్నాను. అతను కలం ఆపి నన్ను పైనించి కిందికి చూసి, ఆ మాట శుభ్రంగా రాసుకున్నాడు.

గదిలో అన్నీ రెండేసి ఉన్నాయి. దిళ్ళు రెండు, టర్కీ తువాళ్ళు రెండు, గాజు గ్లాసులు రెండు. రెండో గ్లాసు బోర్లించి, దాని మీద కాగితం మూత పెట్టి ఉంది. నాలుగు రోజులూ ఆ కాగితం అలాగే ఉంది. ఒకసారి టెలిఫోను ఎత్తి, "టైమెంతయింది" అని అడిగాను. సుబ్బరాయుడు చెప్పాడు. గోడ మీద గడియారం ఉంది, కానీ మనిషి గొంతుతో వింటే బాగుంటుంది కదా.

నూనె

ఆ లాడ్జికి ఊళ్ళో పేరు రావడానికి అసలు కారణం పరుపు కాదు, వెనక పెరటి వైపు ఉన్న స్నానాల గది. పెద్ద రాగి బాయిలరు, మనిషి పొడుగున పరిచిన నాపరాయి బండ, మస్తాన్ సాయిబు. ఒకప్పుడు కుస్తీలు పట్టిన మనిషి. యాభై దాటాయి. మెడ ఇంకా తొడంత ఉంది. నువ్వుల నూనెలో వాము, వెల్లుల్లి వేసి కాచి, ఒంటికి పట్టించి, తర్వాత సీకాయతో తలంటి, కాగుల కొద్దీ వేడినీళ్ళు పోస్తాడు. కర్నూలు నుంచి ఆఫీసర్లు ఈ స్నానం కోసమే సాకు పెట్టుకుని క్యాంపు వేస్తారట.

దిగిన రోజే వెళ్ళాను. ముందు బండ మీద రెండు చెంబుల వేడినీళ్ళు పోసి, దాన్ని వెచ్చబరిచి, నన్ను పడుకోమన్నాడు. తర్వాత నూనె చేతులు నా తల మీద పెట్టాడు.

మా వైపు తలంటు అంటే ఇంటి పని. శనివారం నాడు అమ్మ, తర్వాత పెళ్ళాం. డబ్బులిచ్చి పరాయి మనిషి చేత పోయించుకోవడం నాకు వింత. కళ్ళు మూసుకున్నాను. నా తల మీద ఇంకో మనిషి చెయ్యి పడి ఆరేళ్ళయిందని అప్పుడు గుర్తొచ్చింది. సీకాయ పొడి ఇంకా తీయకముందే కళ్ళు మండాయి.

"ఏం సార్, మెడకాయ ఇట్ల బిగబట్టుకోని ఉండారు. ఎవురితోనన్నా కొట్లాడొచ్చినారా?" అన్నాడు మస్తాన్.

"కొట్లాట కాదు సాయిబూ, క్షమాపణ. ఇంకా అడగలేదు. రేపు ఆళ్లగడ్డ వెళ్ళి అడగాలి."

"ఎవురిని?"

చెప్పాను. కప్ప సంగతి, కమిటీ సంగతి, నేను గుంటూరు వెళ్ళిన సంగతి అన్నీ చెప్పాను. అతను నా వీపు మీద మోచేత్తో రాస్తూ విన్నాడు.

"తిరిగొచ్చినాకన్నా చెప్పలేదా సార్, అది కత అని?"

"అప్పటికే ఆయన రైలెక్కేశాడు."

"కమిటీ వాళ్ళు రైలెక్కలేదు గదా."

నేను మొహం బండకు ఆనించి, ఎడమ భుజం ఇంకాస్త రాయమన్నాను.

స్నానమయ్యాక వాకిట్లోకి రాబోతుంటే ఆపాడు. "ఒళ్ళు తెరుచుకోని ఉంటాది సార్. గాలి తగలనీయగాకండి. నూనె పోయించుకున్న పొద్దు బస్సెక్కగూడదు. జొరమొస్తే మస్తాన్ చంపినాడంటారు."

తలంటిన నాడు ప్రయాణం కూడదని మా అమ్మ కూడా అనేది. ఆ మాట విన్నప్పుడు నాకు ఎంత హాయి అనిపించిందో చెప్పలేను. ఆ రోజుకు ఎలాగూ ప్రయాణం చాలు అనుకున్నాను. అయితే మర్నాడు లేచి, చొక్కా తొడుక్కుని, బస్టాండుకు బదులు నేరుగా పెరటి వైపు నడిచాను. రెండో తలంటు. మూడో రోజు మూడోది. ప్రతిరోజూ నాకు బస్సెక్కగూడదు.

ఉగ్గాని

ఎక్కకూడని ఆ రెండు రోజులూ ఊరు చూశాను. పొద్దున ఒక చిన్న హోటల్లో ఉగ్గాని తిన్నాను. మనం మరమరాలంటామే, వాటిని వీళ్ళు బొరుగులంటారు. మా వైపు పిల్లల చేతిలో కాగితం పొట్లం కట్టి పెట్టే వస్తువు. ఇక్కడ వాటిని నీళ్ళలో తడిపి, పిండి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ తాలింపులో వేసి, పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. పెద్దవాళ్ళు కూర్చుని, గంభీరంగా తింటారు. బజ్జీ కారం మూడు గ్లాసుల నీళ్ళకు లొంగలేదు. పక్క బల్ల మీది ముసలాయన నన్ను కాసేపు చూసి, "ఏందప్పా, ఏడుస్తాండావు, ఇంట్లో అంతా బాగుండారా?" అన్నాడు.

"బాగున్నారు" అన్నాను. ఎవరు బాగున్నారో చెప్పలేదు.

లాడ్జికి తిరిగొస్తే మెట్ల మీద నా కోసం నలుగురు కూర్చుని ఉన్నారు. సుబ్బరాయుడు రిజిస్టరులోని మాటను ఊరికి పంచిపెట్టాడు. ఒకాయన పిల్లనగ్రోవి తెచ్చుకున్నాడు. ఇంకొకాయన ఏడవమంటే ఏడుస్తానన్నాడు, ఏడ్చి చూపించాడు కూడా. మూడో ఆయన మేకపోతును తెచ్చాడు. అది ఎవరు చెప్పినా పడుకుంటుందట. నాలుగో ఆయన ప్యాపిలి నుంచి వచ్చానన్నాడు. అతను ఏమీ చెయ్యలేదు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చి నిలబడ్డాడు.

"మీరేం చేస్తారు?" అని అడిగాను.

"నేను ఊరికే నిలబడతా సార్. జనంలో ఒకడు కావల్ల గదా."

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. అతని ఇస్త్రీ చొక్కా చూసి, ఉత్తరం రాస్తానని చెప్పి పంపేశాను. పైకి వెళ్ళి స్పాంజి పరుపు మీద చాలాసేపు కూర్చున్నాను. నా మాట నమ్మి మనిషి చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

నాలుగో పొద్దు

నాలుగో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి బాయిలరు కింద నిప్పు ఉంది, బండ మాత్రం పొడిగా ఉంది. మస్తాన్ బీడీ కాలుస్తూ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"ఈ పొద్దు చెయ్యను సార్" అన్నాడు.

"ఏం, డబ్బులివ్వనా?"

"మీ ఒంట్లో నొప్పి మొదటి దినమే పోయింది. మీరు బస్సెక్కడానికి జంకుతాండారు. దానికి నా నూనె ఎందుకు ఖర్చు చేస్తారు? తొమ్మిదికి ఒక బస్సుండాది. బేగా పోండి."

ఈ ఆరేళ్ళలో నన్ను ముట్టుకున్న మనిషి అతనొక్కడే కదా, అతనితో వాదించలేకపోయాను.

బస్సు

శిరివెళ్ళ మీదుగా ఆళ్లగడ్డ గంటన్నర. నా పక్కన రుద్రవరం వెళ్ళే ముసలమ్మ కూర్చుంది. ఒళ్ళో గంపలో రెండు కోళ్ళు. తూర్పున నల్లమల మా వెంబడే వస్తోంది.

"యాడికి నాయనా, అహోబిలమా?" అంది.

"కాదమ్మా, ఆళ్లగడ్డకే."

"చుట్టాలా?"

"స్నేహితుడు."

"ఎన్నేండ్లకు పోతాండావు?"

"పదకొండు."

ఆమె కోళ్ళ కాళ్ళ తాడు సర్దుకుని, "అన్నేండ్లు పోనోడివి ఇప్పుడు పోతాండావంటే దుడ్లు కావల్లనో, కన్నెపిల్ల కావల్లనో" అంది. వెనక సీటు వాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను. ఇంకో రోజైతే ఆ రెండు కోళ్ళ మీద ఆళ్లగడ్డ దాకా సరిపోయే కథ చెప్పి ఉండేవాణ్ణి. ఆ రోజు టిక్కెట్టు మడతపెడుతూ కూర్చున్నాను.

శిల్పుల వరస

ఆళ్లగడ్డలో ఉలి చప్పుడు ముందు వినిపిస్తుంది, తర్వాత ఊరు కనిపిస్తుంది. రోడ్డు పక్కన వరసగా రేకుల కొట్టాలు. ప్రతి దాని ముందు సగం పుట్టిన దేవుళ్ళు. చేతులు వచ్చి మొహం రాని వెంకటేశ్వరులు, మొహం వచ్చి చేతులు రాని అమ్మవార్లు. రాతి దుమ్ము అందరి జుట్టునూ ఒకే వయసు చేసేసింది.

మొదటి కొట్టంలో ఒకాయనను ఓబులేసు ఎక్కడ అని అడిగాను. అహోబిలం చుట్టుపక్కల ఆ పేరు అడగడమంటే మా వైపు వచ్చి సుబ్బారావు కావాలన్నట్టే.

"ఏ ఓబులేసు? ఈ వరసలోనే ముగ్గురుండారు."

"మా తెనాలి వైపు పని చేసి వచ్చాడు, చాలా ఏళ్ళ కింద."

"ఆ. కప్ప ఓబులేసా" అన్నాడు ఆయన, మామూలుగా, ఇంటిపేరు చెప్పినట్టు. "ఆ చివర. రోళ్ళుండాయి చూడు, ఆడ."

నేను టీ కొట్టులో వదిలిన కప్ప నాకంటే ముందు ఈ ఊరు చేరి, పదకొండేళ్ళుగా ఇక్కడే కాపురముంది.

చివరి కొట్టం ముందు దేవుళ్ళు లేరు. రుబ్బురోళ్ళు, తిరగళ్ళు, రోడ్డు పక్కన పాతే మైలురాళ్ళు ఉన్నాయి. ఓబులేసు ఒక రోలు కడుపు తొలుస్తున్నాడు. జుట్టు పలచబడింది. సుత్తి పట్టుకునే తీరు మాత్రం మారలేదు, బొటనవేలు పైకి పెట్టి. నా నీడ రోలు మీద పడితే తలెత్తాడు.

"కోటయ్య గారా" అన్నాడు. "రాండి. ఎండన నిలబడొద్దు."

రెండేళ్ళు నన్ను కోటన్నా, నువ్వు అన్న మనిషి. ఆ 'గారు' విన్నాక, నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఒక మైలురాయి మీద కూర్చున్నాను. దాని మీద అంకె ఇంకా చెక్కలేదు.

"ఎప్పుడొచ్చినారు?"

"నంద్యాల వచ్చి నాలుగు రోజులైంది. లాడ్జిలో ఉన్నాను. తలంటు పోయించుకుంటూ."

"నాలుగు దినాలు తలంటా?"

"మూడు. నాలుగో రోజు వాడు పొమ్మన్నాడు."

నూనె ఎన్ని బండ్లయిందని అడుగుతాడేమోనని ఎదురుచూశాను. ఉలి తీసుకుని మళ్ళీ పని మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాను. తర్వాత అతను చేతులు కడుక్కుని మూట విప్పాడు. జొన్నరొట్టె, శెనగ్గింజల కారం, ఉల్లిపాయ. ఒక రొట్టె నాకిచ్చాడు. మా ఇంట్లో ఉన్న రెండేళ్ళూ మా ఆవిడ వడ్డిస్తే ఇతను వరి అన్నం తిని, రొట్టె కోసం మొహం వాచిపోయాడు. మా ఆవిడ ఎలా ఉందని అడిగాడు. చెప్పాను. రొట్టె తుంచడం ఆపి, "నాకు తెల్దు" అన్నాడు. "ఆమె చేసిన గోంగూర ఇంకా గ్యాపకముంది."

అప్పుడు అడిగాను. "ఓబులేసూ, తప్పయింది. నేనేదో నవ్వులాటకు అన్నాను. అది అంత దూరం వెళ్తుందనుకోలేదు. క్షమించు."

అతను నీళ్ళు తాగి, తువాలుతో మూతి తుడుచుకున్నాడు.

"ఆ రాయి కోసం నేను తొమ్మిది దినాలు తిరిగినా. ఇరవై రాళ్ళు కొట్టి చూసి, అది ఏరుకున్నా. కొడితే గంట మాదిరి పలికింది. దాంట్లో కప్ప లేదని నాకు తెలుసు. మీకూ తెలుసు. తెలిసినోడు తెలిసినోడికి చెప్పి ఏం లాభం కోటయ్య గారూ? తెలియనోళ్ళు మీ ఊళ్ళో ఉండారు. ఆడ చెప్పండి."

"చెప్తాను."

"టీ అంగట్లో చెప్తే అది ఇంకో కత అనుకుంటారు. మీరేం చెప్పినా నవ్వుతారు ఆడ. రాసి చెప్పండి. కింద మీ పేరు పెట్టి."

"ఇప్పుడు విగ్రహాలు చెయ్యవా?"

"ఎవురిస్తారు? గుడి వాళ్ళు వస్తారు, పేరు వింటారు, పక్క కొట్టానికి పోతారు. రోట్లో కప్ప ఉంటే ఎవురికీ నష్టం లేదు గదా." నవ్వలేదు. నవ్వించడానికి అన్న మాట కూడా కాదది. "మీ ఊరోళ్ళు ఒక జాబు రాసిస్తే చాలు. రాయి మంచిదే, మా వల్ల తప్పయింది అని. దాన్ని ఈడ పటం కట్టించి తగిలిచ్చుకుంటా. నోటి మాట రాయి మాదిరి నిలబడదు, కాయితమైతే ఎవురన్నా చదువుతారు."

"పటం నేను కట్టిస్తాను" అన్నాను.

"ముందు జాబు రానీయండి. మూడున్నరకు బస్సుండాది" అని ఉలి అందుకున్నాడు.

నేను బస్సెక్కేదాకా ఆ చప్పుడు ఆగలేదు. మిగతా ఉలులన్నిటిలో దాన్ని ఎలా గుర్తుపట్టానని అడగకండి. రెండేళ్ళు ఆ చప్పుడు వింటూ లేచినవాణ్ణి.

తిరుగు దారి

ఆ సాయంత్రం లాడ్జిలో దీపాలు పెట్టే వేళకు చేరాను. మస్తాన్ పెరట్లో కాగులు బోర్లిస్తున్నాడు.

"చెప్పినారా సార్?"

"చెప్పాను. ఇంకా అయిపోలేదు. ఊళ్ళో చెప్పాలట."

"సరిగ్గానే అన్నాడు" అని, నా మెడ వైపు చూసి, "మళ్ళా బిగబట్టుకున్నారు" అన్నాడు. నూనె పెడతాననలేదు. నేనూ అడగలేదు.

సుబ్బరాయుడు లెక్క సరిచూసి, "సినిమాలో మా లాడ్జి చూపిస్తారా సార్?" అన్నాడు. "సినిమా లేదండీ, అబద్ధం చెప్పాను" అన్నాను. అతను గట్టిగా నవ్వి, "పెద్దోళ్ళు ఇట్లనే అంటారు, రహస్యంగా పెట్టుకోవల్లని" అన్నాడు. నిజం చెప్పినా నమ్మకపోవడమంటే ఏమిటో ఆ బల్ల దగ్గర కొత్తగా తెలిసింది.

మర్నాడు రైల్లో సొరంగం వచ్చింది. ఎవరూ నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు.

ఒట్టు సంగతి

మొదట ఒట్టు వేశాను. దాన్నిప్పుడు సరిచెయ్యాలి. కొండముచ్చు సంగతి మీరెలాగూ నమ్మి ఉండరు, దాన్ని వదిలేయండి. లాడ్జి నిజం, నూనె నిజం, ఇస్త్రీ చొక్కా ఆయన నిజం, ఓబులేసు అన్న ప్రతి మాటా నిజం. ఒక మాట మాత్రం అతను అన్నా నేను పైన రాయలేదు. క్షమించమని అడగగానే, నీళ్ళు తాగకముందు, నా మొహంలోకి చూసి అన్నాడు: "ఆ పొద్దు మీరు ఆడనే ఉంటిరి గదా. పందిట్లో. రెండో వరసలో."

నేను కల్పించింది గుంటూరు. గాజు పలకలు కొన్నది ఆ తర్వాతి వారం. పంచాయితీ రోజున నేను ఊళ్ళోనే ఉన్నాను, రెండో వరసలోనే ఉన్నాను. పెద్దలు ఒకరినొకరు చూసుకుని, చివరికి, "మొదట విన్నది కోటయ్య కదా, వాణ్ణే అడుగుదాం" అన్నారు. "ఏరా, విన్నావా, లేదా?" అన్నారు. నలభై మంది నా వైపు తిరిగారు. ఓబులేసు కూడా తిరిగాడు. అతను నవ్వుతున్నాడు. పడవంత వాలుగ చేపను పట్టినవాడు ఇప్పుడు లేచి, ఇదంతా కథ బాబూ అంటాడని నమ్మకంగా నవ్వుతున్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఈ ఊరు నా మాట ఒక్కటి నమ్మడం అదే మొదలు. నలభై మొహాల్లో ఒక్కటి నవ్వడం లేదు. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు మనసు రాలేదు.

"విన్నానండి" అన్నాను. "రెండుసార్లు."

ఓబులేసు మొహం మీద నవ్వు ఎంతసేపటికి పోయిందో చూడలేదు. కిందికి చూస్తున్నాను.

నేను వినలేదు. ఎవరూ వినలేదు. ఆ రాయి మంచిది, ఆ పనివాడు మంచివాడు. కమిటీలో ఇప్పుడున్నవాళ్ళు ఆ మాటే ఒక కాగితం మీద రాసి, సంతకాలు చేసి ఇవ్వాలని అడుగుతున్నాను. ఇకమీద టీ కొట్టులో నా పక్కన ఎవరూ కూర్చోకపోయినా సరే. ఆ రోజు మనం కాదన్న స్వామి బందెలదొడ్డి గోడ వెనక, గడ్డిలో, బోర్లా పడి ఉన్నాడు. నడిచి వెళ్ళి వీపు మీద రూపాయి బిళ్ళతో కొట్టి వినండి. ఏం వినిపించిందో ఈసారి నన్ను అడగకండి.

పటాల కోటయ్య